విచారణకు ముందొక విచారణ

పోలీసువారు వచ్చి యొకనిని పట్టుకొనిపోయిరన్న వార్త వినబడిన గడియలోనే మన వీథులలో తీర్పు వెలువడును. "నిప్పులేనిదే పొగ వచ్చునా?" అని యరుగులమీది పెద్ద లందురు. సాయంకాలమునకు ఆ మాటకు కాళ్లు మొలచి ఊరంతయు తిరుగును. నాలుగు దినములు గడచులోపల ఆ యింటి ఆడపిల్లకు కుదిరిన సంబంధము వెనుకకు పోవును. న్యాయాధిపతి యింకను కాగితము ముట్టలేదు. సాక్షి యొక్కడైనను నోరు విప్పలేదు. శిక్ష మాత్రము మొదలైనది. ఆ శిక్ష ముద్దాయి కొక్కనికే కాదు, వాని తల్లికిని, భార్యకును, తోబుట్టువులకును పడును. అందుచేతనే యీ విషయము వకీళ్ల గదులలోనే గాక మన వంటయిండ్లలోను తెలిసియుండదగినదని మేము తలచుచున్నాము.

నేరము మోపబడినవాడు పూర్తి విచారణకు నిలువకముందే, ఆ విచారణ జరుపుటకు తగిన యాధారమున్నదా లేదా యని యొక న్యాయాధికారి పరిశీలింపవలెనను నియమము పెక్కు దేశములలో చిరకాలముగా నున్నది. దీనినే ప్రాథమిక విచారణ యందురు. ఇందు రెండు ప్రశ్నలను వేరుచేసి చూడవలయును. "వీడు నేరము చేసెనా?" అనునది కడపటి ప్రశ్న. "వీనిని ఆ ప్రశ్నకు నిలువబెట్టుటకైనను తగిన కారణమున్నదా?" అనునది మొదటి ప్రశ్న. మనము బియ్యమును తెచ్చినది తెచ్చినట్లు ఎసటిలో పోయము గదా! చేటలో చెరిగి, రాళ్లేరి, మట్టిగడ్డలు తీసివేసి, ఆ పిమ్మట పోయుదుము. చేట అన్నము వండదు. అన్నములో రాయి పడకుండ జూచును. ప్రాథమిక విచారణ చేయుపనియు నంతియే.

"విచారణలో నిర్దోషియని తేలినచో విడిచిపెట్టుదురు గదా, ముందుగా మరియొక పరిశీలన యేల?" అని కొంద రడుగవచ్చును. విచారణకు నిలువబడుటయే యొక దండనయని యనుభవించినవారికి దెలియును. వాయిదాకు వాయిదాకు కోర్టుకు పోవలెను. పోయిన దినపు కూలి పోవును. న్యాయవాదికి రుసుము, గుమాస్తాకు ఖర్చు, సాక్షులకు బత్తెము, ఇన్నియు మెడలోని పుస్తెలతాడువరకు వచ్చును. ఉద్యోగస్థుడైనచో ఉద్యోగము సంశయములో పడును. అయిదారేండ్లకు నిర్దోషియని తీర్పు వచ్చినను ఆ యేండ్లను ఏ కోర్టును తిరిగి యియ్యలేదు.

ఈ పద్ధతి మనకు ఇంగ్లండునుండి వచ్చినది. అచ్చట నిది ముద్దాయికి రక్షణగా పుట్టలేదనుట వింతగా దోచును. 1555వ సంవత్సరపు శాసనమొకటి, నేరస్థుని పట్టుకొనివచ్చినప్పుడు ఆతనిని, తెచ్చినవారిని ప్రశ్నించి, చెప్పినదంతయు వ్రాసియుంచవలసినదని స్థానిక న్యాయాధికారులను ఆదేశించెను. అది నేరమును పట్టియిచ్చుటకు చేసిన యేర్పాటు. సాక్షు లేమిచెప్పిరో ముద్దాయికి తెలియజేయవలసిన పనియే లేకుండెను. దాదాపు మూడువందల యేండ్ల తరువాత, 1836లో, వ్రాసికొన్న వాఙ్మూలముల నకళ్లు పొందు హక్కును, కోర్టులో న్యాయవాదిచే వాదింపజేసికొను హక్కును ముద్దాయికి కలిగినవి. 1848లో వచ్చిన శాసనముచేత, సాక్షులను ముద్దాయి యెదుటనే విచారింపవలెననియు, వారిని ఆతడు ప్రశ్నింపవచ్చుననియు నేర్పడెను. పట్టుటకై పెట్టిన వల ఈ విధముగా కాలక్రమమున కాపాడు కంచెయైనది.

మన దేశమున 1861లో మొదటి క్రిమినలు ప్రొసీజరు కోడు వచ్చెను. దానిని 1872లోను, 1882లోను, 1898లోను తిరుగవ్రాసిరి. ఈ కడపటిదే మద్రాసు రాజధానిలోని మన తెలుగు జిల్లాలలో మూడుతరములవారు ఎరిగిన శాసనము. "కేసు సెషన్సుకు కమిటయినది" అని మన తాతలనాటివారు చెప్పుకొన్న మాట దీనినుండియే పుట్టినది. హత్య, బందిపోటు మొదలగు ఘోరనేరములను విచారించు నధికారము సెషన్సు జడ్జికే కలదు. కాని యా కేసు తిన్నగా జడ్జియొద్దకు పోరాదు. ముందు మేజిస్ట్రేటు ఫిర్యాదిని, ఆ పక్షమువారు తెచ్చిన సాక్షులను ముద్దాయి యెదుట విచారింపవలెను. ముద్దాయి వకీలు వారిని ఎదురుప్రశ్నలు వేయవచ్చును. ముద్దాయి తన పక్షమున సాక్ష్యము తేదలచినచో అదియు వినవలెను. అంతయు విన్నపిమ్మట, సెషన్సుకు పంపుటకు తగిన యాధారము లేదని తోచినచో, ఆ కారణములను వ్రాసి అచ్చటనే ముద్దాయిని విడిచిపుచ్చవలెను. ఆధారమున్నచో ఛార్జి వ్రాసి పైకోర్టుకు పంపవలెను. ఈ పంపుటకే కమిట్‌మెంటని పేరు.

ఇందువలన ముద్దాయికి రెండు మేళ్లు కలిగెడివి. పసలేని కేసు మొదటిమెట్టుననే పడిపోవుట యొకటి. రెండవది అంతకంటె సూక్ష్మమైనది. ఎదుటిపక్షము సాక్షి మేజిస్ట్రేటు కోర్టులో ప్రమాణముచేసి ఒక మాట చెప్పును. నెలలు గడచినపిమ్మట సెషన్సు కోర్టులో మరియొకటి చెప్పినచో, "అప్పు డట్లంటివి, ఇప్పు డిట్లనుచున్నావేమి?" అని నిలదీయుటకు వ్రాతలో సాధన ముండెడిది. పోలీసుకాగితములో నున్న మాటకును, కోర్టులో ప్రమాణముచేసి ముద్దాయి ముఖము చూచుచు చెప్పిన మాటకును గల భేదము, ఇరుగుపొరుగు తగవులను తీర్చిన మన గృహిణులకు వేరుగ జెప్పనక్కరలేదు.

ఈ హక్కు విలువయెంతయో దానిని లాగివేసినప్పుడు లోకమునకు బాగుగ దెలిసినది. అది లాహోరు కుట్రకేసు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సను పోలీసు ఉద్యోగి చంపబడెను. ఆ సంబంధమున భగత్‌సింగు, సుఖదేవు, రాజగురు మొదలగువారిపై 1929 జూలై 10న జైలులోనే ప్రత్యేక మేజిస్ట్రేటు నెదుట ప్రాథమిక విచారణ ప్రారంభమయ్యెను. రాజకీయ ఖైదీలకు తగిన మర్యాద జరుగవలెనని ముద్దాయిలు నిరాహారవ్రతము పట్టియుండిరి. వారిలో జతీంద్రనాథ్ దాసు అరువదిమూడు దినములు అన్నము ముట్టక సెప్టెంబరు 13న ప్రాణములు విడిచెను. లేవలేనివారు కోర్టుకు రాలేకపోయిరి, విచారణ నడవలేదు. ముద్దాయిలు లేకుండనే విచారణ జరుపుటకు వీలుకల్పించు బిల్లు నొకదానిని ప్రభుత్వమువారు కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిరి. సభలో జిన్నా మొదలగువారు దానిని తీవ్రముగా నెదిరించిరి. బిల్లు సాగలేదు.

సభ యియ్యనిదానిని వైస్రాయి ఇర్విను తన కలముతో తీసికొనెను. 1930 మే 1న ఆతడొక ఆర్డినెన్సు జారీచేసెను. దానితో మేజిస్ట్రేటు కోర్టులో పదినెలలుగ సాగుచున్న ప్రాథమిక విచారణ నడుమనే తెగిపోయెను. కమిట్‌మెంటు లేదు, సెషన్సు లేదు. ముగ్గురు న్యాయాధిపతుల ట్రిబ్యునలు నేరుగ విచారించును. ముద్దాయిలు లేకున్నను విచారింపవచ్చును. తీర్పుపై హైకోర్టుకు అప్పీలు లేదు. సాధారణ శాసనమునుబట్టి సెషన్సు జడ్జి విధించిన మరణశిక్షను హైకోర్టు స్థిరపరచినగాని యమలు జరుపరాదు. ఆ కాపుదలయు పోయెను. ఆ ముగ్గురిలో నొకడగు జస్టిసు ఆగా హైదరు, కోర్టులో ముద్దాయిలపై బలప్రయోగమునకు దారితీసిన యుత్తరువుతో తనకు సంబంధము లేదని వ్రాయించెను. పిమ్మట ట్రిబ్యునలును తిరుగ నేర్పరచినప్పుడు ఆయన అందు లేడు. ఆర్డినెన్సునకు ఆయువు ఆరునెలలు. అది చెల్లకముందే, అక్టోబరు 7న, తీర్పు వచ్చెను. 1931 మార్చి 23న మువ్వురిని ఉరితీసిరి.

ప్రాథమిక విచారణ పూర్తిగ సాగియున్నచో వారు విడుదలయ్యెడివారని మేము చెప్పజాలము. మే మడుగునది వేరు. అంతటి బలముగల ప్రభుత్వము, చేతిలో సాక్షులును, అప్రూవర్లును ఉండియు, ఈ మెట్టును దాటక తప్పించుకొనదలచె నేల? వేచియుండుటకు ఓపిక లేకపోయెను. ఓపిక లేనివాని తీర్పును వినువారు నమ్మరు. నేటికిని ఆ తీర్పునుగురించి మాట్లాడువారు నేరమున్నదా లేదా యని యడుగుటకంటె విచారణ సరిగా జరిగెనా యనియే యెక్కువగ నడుగుట చూచుచున్నాము.

అయినను పాతపద్ధతి యంతయు బంగారమని మేము వ్రాసినచో అది న్యాయము కాదు. 1929 మార్చి 20న మీరటు కుట్రకేసులో పట్టుబడినవారిని ప్రాథమిక విచారణ ముగించి సెషన్సుకు పంపుసరికి 1930 జనవరి వచ్చెను. తీర్పు వచ్చినది 1933 జనవరిలో. ఆ తరువాత అలహాబాదు హైకోర్టు అప్పీలులో పలువురిని విడిచిపెట్టెను, పలువురి శిక్షలను తగ్గించెను. నిర్దోషులని తేలినవారికి పోయిన కాలమును ఎవరు లెక్కకట్టుదురు? ముద్దాయిని కాపాడుటకు కట్టిన మెట్టే ముద్దాయి చెరలో వేచియుండు గదియైనది.

అంతకంటె మాకు బాధకలిగించునది మరియొకటి. అవమానింపబడిన స్త్రీ ఫిర్యాదియైన కేసును తలచుకొనుడు. ఆమె తనకు జరిగినదానిని ముందు పోలీసువారికి చెప్పవలెను. పిమ్మట మేజిస్ట్రేటు కోర్టులో పరపురుషుల నడుమ నిలువబడి చెప్పవలెను. ఎదుటి వకీలు ప్రశ్నలకు బదులీయవలెను. కొన్ని నెలలకు సెషన్సు కోర్టులో అదియంతయు మరల మొదటినుండి. మానుచున్న పుండును గోటితో గీకినట్లు గదా! సాక్షులను బెదరించుటకును, కొనివేయుటకును ఆ రెండు విచారణల నడిమికాలము చక్కని యదనుగా నుండెడిది. మొదటికోర్టులో చెప్పినది విని, రెండవకోర్టునాటికి దానికి తగిన యబద్ధమును అల్లుకొనివచ్చు ముద్దాయిలును లేకపోలేదు.

ఈ కారణములచేత స్వరాజ్యము వచ్చినపిమ్మట ఆ పద్ధతిని కుదించిరి. 1955వ సంవత్సరపు సవరణచేత, పోలీసు కేసులలో నేరమును కన్నులార జూచిన సాక్షులను మాత్రమే ప్రాథమిక విచారణలో విచారించిన చాలునని యేర్పరచిరి; తక్కినవి కాగితములను చూచియే తేల్చవలెను. 1969లో లా కమీషనువారు తమ నలుబదియొకటవ నివేదికలో ఈ మెట్టును తీసివేయుటయే మేలనిరి. 1973లో చేసి 1974 ఏప్రిలు 1నుండి యమలుజరిపిన క్రొత్త కోడులో సాక్షులను విచారించు కమిట్‌మెంటు విచారణ అంతరించెను. ఇంగ్లండులోను అది మెల్లమెల్లగ తరిగి 2013లో పూర్తిగా పోయెను. అమెరికా దేశమున మాత్రము నేటికిని నిలిచియున్నది. అచ్చటి జాతీయ కోర్టులలో, చెరలోనున్న ముద్దాయికి మొదటి హాజరు జరిగిన పదునాలుగు దినములలోను, వెలుపలనున్నవానికి ఇరువదియొక్క దినములలోను ప్రాథమిక విచారణ జరుపవలెను. కాని యంతలోపల ప్రజలనుండి యెంచిన గ్రాండుజ్యూరీచేత నేరారోపణ చేయించుకొన్నచో ఆ విచారణతో పనిలేదు. గ్రాండుజ్యూరీ యెదుట ముద్దాయి వకీలుకు చోటులేదు. అందుచేత అచ్చటి ప్రభుత్వ న్యాయవాదులు తరచుగ ఆ దారినే పోవుదురు. హక్కు పుస్తకములో నుండుట వేరు, చేతికందుట వేరు.

ఇక నేడు మనకు మిగిలినదేమి? 2024 జూలై 1నుండి క్రొత్త శాసనమగు భారతీయ నాగరిక సురక్షా సంహిత యమలులో నున్నది. సెషన్సు కేసును మేజిస్ట్రేటు నేటికిని పైకోర్టుకు కమిటు చేయును. కాని యాతడు కాగితములు సరిగానున్నవా, నేరము సెషన్సు కోర్టు విచారింపవలసినదా యని చూచి పంపుటయేగాని సాక్ష్యము విని తూచుట లేదు. ఉత్తరమును విప్పక చేరవేయు తపాలావానివంటి వాడు. జల్లించు పని పైకోర్టు గడపవద్దకు జరిగినది. ఛార్జి వ్రాయుటకు ముందు సెషన్సు జడ్జి పోలీసువారి కాగితములను చూచి, ఉభయపక్షముల వాదములను విని, విచారణకు తగిన యాధారము లేదని తోచినచో కారణములను వ్రాసి ముద్దాయిని విడిచిపుచ్చవలెను. దీనిని డిశ్చార్జి యందురు. మేజిస్ట్రేటు విచారించు వారంటు కేసులలోను ఇట్టి మెట్టే కలదు. నేడు మన దేశమున ముద్దాయికి గల ప్రాథమిక విచారణ హక్కు ముఖ్యముగ నిదియే.

డిశ్చార్జి వేరు, నిర్దోషియని తీర్పు వేరు. నిర్దోషియని తీర్పు పొందినవానిని అదే నేరమునకు తిరుగ విచారింపరాదు. డిశ్చార్జియైనవానిపై క్రొత్త యాధారము దొరికినచో కేసు మరల రావచ్చును. ఈ భేదము తెలియక పలువురు కుటుంబములవారు నిశ్చింతగా నుందురు.

ఆ మెట్టున న్యాయాధిపతి యెంత లోతుగా చూడవలెనను ప్రశ్నపై సుప్రీంకోర్టు పలుమారులు పలికినది. 1978లో నిచ్చిన యొక తీర్పులో, జడ్జి తపాలాకచ్చేరివలె గాని, ఫిర్యాదివారి నోరువలె గాని నుండరాదనియు, పరిమితముగ సాక్ష్యమును జల్లించి తూచు నధికారమతనికి కలదనియు, రెండు యూహలును సమముగ తోచి, గాఢమైన యనుమానము గాక కొద్దిపాటి యనుమానమే మిగిలినచో విడిచిపుచ్చవచ్చుననియు చెప్పెను. ఇది ముద్దాయికి ధైర్యమిచ్చు మాట. అయితే 2004లో ముగ్గురు న్యాయాధిపతుల తీర్పొకటి, ఆ దశలో ముద్దాయి తన పక్షపు కాగితములను ముందుంచరాదనియు, ఫిర్యాదిపక్షము దాఖలుచేసినవానినే చూడవలెననియు స్థిరపరచినది. 1898వ కోడు క్రింద మేజిస్ట్రేటు నెదుట తన సాక్ష్యమును పెట్టుకొనగలిగిన ముద్దాయి, నేడు జడ్జి యెదుట ఎదుటివారి కాగితములలోని లోపములనే చూపుకొనవలెను. ఆ దినమున తాను వేరొక ఊరి యాసుపత్రిలో నుంటినని నిరూపించు చీటి జేబులో నున్నను, సామాన్యముగ అది పూర్తి విచారణవరకు జేబులోనే యుండవలసినదే. మా మనసునకు ఇది సరిపడుట లేదు. ప్రతి కేసులోను ముందుగానే ఉభయుల సాక్ష్యము విన్నచో రెండు విచారణలగునని న్యాయమూర్తులకుగల జంకు మేమెరుగుదుము. కాని, సందేహమునకు తావులేని పత్రమొకటి చేతనుండగా మనుష్యుని సంవత్సరములతరబడి త్రిప్పుట యెవరికి మేలు? హైకోర్టుకు పోయి కేసు కొట్టివేయించుకొనవచ్చునని సమాధానము కలదు. హైకోర్టు ఊరిచివర లేదు. ఆ దారి ఖర్చు మన యిండ్ల కందదు.

పాతపద్ధతి చాయ యొకచోట మాత్రము మిగిలినది. పోలీసువారిద్వారా గాక నేరుగ మేజిస్ట్రేటునొద్ద ఫిర్యాదుచేసిన వారంటు కేసులలో, ఛార్జికి ముందే ఫిర్యాదిసాక్షులను విచారింతురు. ముద్దాయి వారిని ప్రశ్నింపవచ్చును. ఇంతేగాక, నేరుగ చేసిన ఫిర్యాదులలో క్రొత్త సంహిత మునుపు లేని మేలు నొకటి చేసినది. పూర్వము మేజిస్ట్రేటు ఫిర్యాది మాటను మాత్రము విని కేసును చేపట్టవచ్చును. ముద్దాయికి సమను చేరువరకు తనపై కేసున్నదనియే తెలియదు. ఇప్పుడు సంహిత 223వ సెక్షనునుబట్టి, ముద్దాయికి తన మాట చెప్పుకొను నవకాశ మియ్యక కేసును చేపట్టరాదు. పోలీసువారు నమోదుచేసిన కేసులకు ఇది వర్తింపదు. ఇచ్చటనే మరియొక పొరపాటు కలుగవచ్చును. ఎఫ్.ఐ.ఆర్. వ్రాయుటకు ముందు కొన్ని నేరములలో పోలీసువారు పదునాలుగు దినములలో జరుపు ప్రాథమిక విచారణయు నొకటి క్రొత్తగ వచ్చినది. పేరు ఒకటే, పని వేరు. అది ఠాణాలో జరుగునది, న్యాయాధికారి యెదుట జరుగునది కాదు.

మన యిండ్లకు మిక్కిలి దగ్గరగానున్న యుదాహరణము వరకట్నపు కేసులు. కోడలిని హింసించినవాడు, అందులకు తోడ్పడినవారు శిక్షింపబడవలసినదే. ఇందు మాకు రెండవమాట లేదు. అయితే కోపమున వ్రాయించిన ఫిర్యాదులో దూరదేశములోనున్న మరిది, కాలేజీలో చదువుకొను నాడపడుచు, మంచముపట్టిన ముత్తవ యందరును చేరుట కలదు. 2012లో సుప్రీంకోర్టు ఇట్టి యొక కేసులో, భర్తయొక్క యవివాహిత సోదరిపైని, సోదరునిపైని పేరు చెప్పుటయేగాని వారేమి చేసిరో చెప్పలేదని కేసు కొట్టివేసెను. వారు సుప్రీంకోర్టువరకు పోగలిగిరి. అంతదూరము పోలేని యాడపడుచునకు దగ్గరనున్న దారి డిశ్చార్జి విచారణయే. "ఫలానిది యేమిచేసెను, ఎప్పుడు చేసెను, ఎవరు చూచిరి?" అను మూడు ప్రశ్నలకు ఛార్జిషీటులో నొక్కదానికైనను బదులున్నదాయని యచ్చట నడుగవచ్చును. ఇది కోడలికి అపకారమని మేము తలపము. నలుగురు నిరపరాధులను బోనునుండి దింపినప్పుడు, చెయ్యెత్తి కొట్టినవాడొక్కడే అందు మిగులును. వాని యపరాధము జనసమ్మర్దములో మరుగుపడదు.

ఆపద వచ్చిననాడు ఇంటిలో పురుషు డుండకపోవచ్చును. ఉండినను తెలివి తప్పియుండవచ్చును. కావున గృహిణులు కొన్ని గడువులను గుర్తుంచుకొనుట మేలు. పట్టుకొన్నవానిని, ప్రయాణకాలమును విడిచి, ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. ఇది రాజ్యాంగము 22వ అధికరణమిచ్చిన హక్కు; డాక్టరు అంబేద్కరు 1949 సెప్టెంబరులో దీనిని రాజ్యాంగసభ ముందుంచెను. ఆ మొదటి హాజరునాడే న్యాయవాది కావలెనని యడుగవచ్చును. పేదయైనచో ప్రభుత్వఖర్చుపైనే యియ్యవలెను. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టమునుబట్టి, కేసు ముద్దాయిగా నడుపుకొను స్త్రీకి ఆదాయ మెంతయున్నను ఉచిత న్యాయసహాయము కలదు. నిర్బంధములో నున్నవారికిని కలదు. ఈ సంగతి మన స్త్రీలలో బహుకొద్దిమందికే తెలియును. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితముమీద వ్రాసియిచ్చిన చాలును.

పట్టుబడినవాడు జైలులోనే యున్నచో, పదేండ్లు గాని యంతకుమించి గాని శిక్షపడదగిన ఘోరనేరములలో తొంబది దినములలోను, తక్కినవానిలో అరువది దినములలోను పోలీసువారు ఛార్జిషీటు వేయవలెను. వేయనిచో బెయిలు కోరుట హక్కు. కాని గడువు చెల్లినవెంటనే, వారు కాగితము దాఖలుచేయకముందే, కోరవలెను. ఒక దినము నిద్రపోయినచో ఆ హక్కు చేజారును. ఛార్జిషీటును, సాక్షుల వాఙ్మూలములను, తక్కిన కాగితములను ముద్దాయికి రుసుము లేకుండ నీయవలెను. హాజరైన దినమునుండి పదునాలుగు దినములు దాటరాదు. నకళ్లు చేతికి రాగానే అటకమీద పెట్టక, ఇంటిలో చదువవచ్చినవారు మొదటినుండి తుదివరకు చదువవలెను. తారీఖు తప్పినచోటు, పేరు మారినచోటు, చూడనివాడు చూచితినన్నచోటు ఇంటివారికి తెలిసినట్లు న్యాయవాదికి తెలియదు. అట్టివానిని గుర్తుపెట్టి ఆయనకు చూపవలెను. డిశ్చార్జి వాదమునకు సరకు అందే దొరకును.

డిశ్చార్జి కోరుచు దరఖాస్తు పెట్టుటకు క్రొత్త సంహిత అరువది దినముల గడువు పెట్టినది. సెషన్సు కేసైనచో కమిటు చేసిన దినమునుండియు, పోలీసు ఛార్జిషీటుపై మేజిస్ట్రేటు విచారించు వారంటు కేసైనచో నకళ్లు ఇచ్చిన దినమునుండియు లెక్క. ఈ రెండు తారీఖులలో తమ కేసునకు వర్తించునదేదో న్యాయవాదినడిగి, గోడమీది క్యాలెండరులో ఆ దినమును, అరువదియవ దినమును గుర్తుపెట్టుకొనవలెను.